ఎంటర్ కొట్టాక కర్సర్ ఎక్కడ ఆగాలి?

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు నా కుర్చీ వెనక నిలబడి కాసేపు నా స్క్రీన్ చూశాడు. నేను విమ్ అనే ఎడిటర్లో ఏదో ఇండెంట్ సెట్టింగు (లైను ఎంత లోపలికి జరిగి మొదలవ్వాలో చెప్పేది) మారుస్తూ, ఒక ఖాళీ ఫైల్లో బ్రాకెట్ తెరవడం, ఎంటర్ కొట్టడం, కర్సర్ ఎక్కడ ఆగిందో చూడడం, చెరిపేసి మళ్లీ మొదలెట్టడం, ఇదే పనిలో ఉన్నాను. వాడు ఉండబట్టలేక అడిగేశాడు. "అన్నా, సేవ్ కొడితే ఫార్మాటర్ వచ్చి అంతా సర్దేస్తుంది కదా. మరి దీంతో ఈ కుస్తీ ఎందుకు?"

"అలవాటురా" అనేసి టీకి లేచాను. టీ సగం అయ్యేసరికి ఆ జవాబు నాకే నచ్చలేదు. ఉత్త అలవాటే అయితే ఎప్పుడో పోయేది, సిగరెట్టే పోయింది. పైగా వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. పైథాన్‌కి బ్లాక్ ఉంది, జావాస్క్రిప్టుకి ప్రెటియర్ ఉంది, గో భాష అయితే 2009లో తన ఫార్మాటర్‌ని వెంటబెట్టుకునే బయటికొచ్చింది. సేవ్ కొట్టగానే ఫైలంతా ఇస్త్రీ చేసిన చొక్కాలా వస్తుంటే, ఎడిటర్‌కి ఇండెంటు నేర్పుకుంటూ కూర్చోవడం చూసేవాళ్లకి పనిలేని పనిగానే కనిపిస్తుంది. కాదని నేనెందుకు అనుకుంటున్నానో చెప్పాలంటే ల్యాబ్ రికార్డు దగ్గర్నుంచి మొదలెట్టాలి.

నేను సి నేర్చుకున్నది ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో, నీలం తెర టర్బో సి మీద. ప్రోగ్రాము కంప్యూటర్లో ఆడితే చాలదు, రికార్డు బుక్కులో చేత్తో రాయాలి, మేడమ్ సంతకం పెట్టాలి. మ్యాట్రిక్స్ మల్టిప్లికేషన్ వచ్చేసరికి ఒకదాన్లో ఒకటి మూడు ఫర్ లూపులు. ప్రతి లూపుకీ కాస్త లోపలికి జరిపి రాస్తే అసలు లెక్క చేసే లైను పేజీ కుడి అంచుకి గుద్దుకునేది. అందుకని మేమంతా హాయిగా అన్ని లైన్లూ ఎడమ మార్జిన్‌కే ఆనించి రాసేసేవాళ్లం. మేడమ్ ఏం చేసేవారంటే, పెన్సిల్ తీసుకుని తెరిచిన ప్రతి ఫ్లవర్ బ్రాకెట్ నుంచీ దాన్ని మూసే ఫ్లవర్ బ్రాకెట్ దాకా ఒక గీత గీసేవారు. నా పేజీలో ఒక గీతకి అవతలి కొస దొరకలేదు. ఆవిడ ఏమీ అనలేదు. పెన్సిల్ అక్కడే పేజీ మీద పెట్టి, పక్కవాడి రికార్డు అందుకున్నారు.

ఎడిటర్లో ఆటో ఇండెంటు చేసేది సరిగ్గా ఆ పెన్సిల్ పనే. తేడా ఏమిటంటే మొత్తం రాశాక గీయదు, ప్రతి ఎంటర్‌కీ గీస్తుంది. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ కర్సర్ ఎక్కడో ఒకచోట ఆగుతుంది కదా, "ఇప్పటిదాకా నువ్వు రాసింది నాకిలా అర్థమైంది" అని ఎడిటర్ చెప్పే మాట అది. నేననుకున్న చోటే ఆగితే ఇద్దరికీ ఒకటే అర్థమైందన్నమాట. వేరేచోట ఆగితే ఇద్దరిలో ఒకరు పొరపడ్డారు. పదింట్లో ఎనిమిదిసార్లు పొరపడింది నేనే.

ఉదాహరణకి సి ఫైల్లో ఇఫ్ రాసి, షరతు రాసి, చివరి బ్రాకెట్ మూయడం మర్చిపోయి ఎంటర్ కొట్టాననుకోండి. విమ్‌లో సి కోడ్‌కి ఇండెంటు లెక్కగట్టే సిండెంట్ అనే ఆప్షన్ ఆన్ అయి ఉంటే కర్సర్ మామూలుగా ఒక మెట్టు లోపల ఆగాల్సింది పోయి రెండు మెట్లు లోపల ఆగుతుంది. మూయని బ్రాకెట్ ఉందంటే దాని లెక్క ప్రకారం ఇంకా ఆ షరతే సాగుతోంది, మరి. నాలుగు గడులు ఎక్కువ జరిగిందని కన్ను పట్టేస్తుంది. తల పైకెత్తి చూస్తాం, బ్రాకెట్ పెడతాం. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ దాకా వెళ్లే పనే లేదు. ఇదే తప్పుతో సేవ్ కొట్టి ఫార్మాటర్‌ని పిలవండి. బ్లాక్ అయితే ఫైలు చదవలేకపోయానని చెప్పి ముట్టుకోకుండా వదిలేస్తుంది. దాని తప్పేం లేదు, వ్యాకరణం ప్రకారం పూర్తయిన ప్రోగ్రాము ఉంటేనే అది పని చేయగలదు. రాస్తున్నంతసేపూ మన చేతిలో ఉండేది సగం ప్రోగ్రామే. ఆ సగం మీద మాట్లాడగలిగేది ఇండెంటొక్కటే.

ఇంకో చిన్న ముచ్చట. సిండెంట్ ఉన్నప్పుడు, లైను మొదట్లో 'ఎల్స్' టైపు చేసి చూడండి. ఇంగ్లీషు స్పెల్లింగులో నాలుగు అక్షరాలు. మూడు కొట్టేదాకా లైను ఉన్నచోటే ఉంటుంది. నాలుగోది, ఆ చివరి 'ఇ' పడగానే లైను మొత్తం చటుక్కున ఎడమకి జరిగి తన ఇఫ్ కింద నిలబడుతుంది. ఏ కీ కొడితే లైనుని మళ్లీ సర్దాలో చెప్పే సిన్‌కీస్ అనే ఆప్షన్లో ఆ 'ఇ' కోసమే ఒక అక్షరం కేటాయించి ఉంది. ఇన్నేళ్లయినా అది జరిగిన ప్రతిసారీ నాకు చిన్న సంతోషం. ఎల్స్ జరిగి తప్పు ఇఫ్ కింద నిలబడినప్పుడు ఇంకా పెద్ద సంతోషం, ఒక బగ్గు పుట్టకముందే పోయింది కాబట్టి.

ఇదంతా సరదా విషయం అనుకునేవాళ్లకి 2014 ఫిబ్రవరి గుర్తు చేయాలి. యాపిల్ తన ఐఫోన్లకీ మ్యాక్‌లకీ హడావుడిగా ఒక సెక్యూరిటీ ప్యాచ్ వదిలింది. సురక్షిత కనెక్షన్‌లో అవతలి సర్వర్ సంతకాన్ని సరిచూసే సి ఫంక్షన్లో ఉంది లోపం. చూడ్డానికి ఇలా ఉంటుంది:

ఇఫ్ (ఈ చెక్ తప్పితే)
    గోటో ఫెయిల్;
    గోటో ఫెయిల్;

ఫ్లవర్ బ్రాకెట్లు లేవు కాబట్టి ఇఫ్ కిందికి వచ్చేది మొదటి గోటో (ఫలానా చోటికి దూకు అనే ఆజ్ఞ) ఒక్కటే. రెండోది ఇఫ్‌తో సంబంధం లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. అప్పటికి ఏ తప్పూ నమోదు కాలేదు కాబట్టి ఫంక్షన్ "అంతా బాగుంది" అని చెప్పి బయటికొచ్చేస్తుంది, చివరి చెకింగు జరగనే జరగదు. ఆ రెండో లైను నాలుగు గడులు లోపలికి ఉండడం వల్ల చదివేవాడి కన్ను అది కూడా ఇఫ్‌దే అనుకుంటుంది. అదే కోడ్‌ని సిండెంట్ ఉన్న ఎడిటర్లో టైపు చేసి చూశాను. మొదటి గోటో తర్వాత సెమికోలన్ పెట్టి ఎంటర్ కొట్టగానే కర్సర్ వెనక్కి, ఇఫ్ కిందికి వచ్చేసింది. రెండో గోటో అక్కడ పడితే దొంగ దొరికినట్టే. కాపీ పేస్టు చేసినా, ఆ లైను మీద ఉండి రెండుసార్లు = నొక్కితే చాలు, ఎడమకి జరిగిపోతుంది. 2016లో వచ్చిన జీసీసీ 6 అనే కంపైలర్ ఇలా ఇండెంటు ఒకటీ అర్థం ఒకటీ చెప్పే చోట్లకి ప్రత్యేకంగా ఒక వార్నింగు పెట్టింది. అంటే ఇండెంటుని కంపైలర్లు కూడా ఒక మాటగానే తీసుకోవడం మొదలెట్టాయి.

అయితే దీనికో షరతుంది. ఎడిటర్ చెప్పే మాట నమ్మదగ్గదై ఉండాలి. అది రోజుకి ఇరవైసార్లు తప్పు చోట కర్సర్ పెడుతుంటే, నాన్నా పులి కథలో ఊరివాళ్లలా మనం పట్టించుకోవడం మానేస్తాం. బ్యాక్‌స్పేస్ కొట్టుకుంటూ పోతాం, నిజంగా బ్రాకెట్ మర్చిపోయిన రోజు కూడా. మా వాడు కుస్తీ అన్నది ఈ నమ్మకాన్ని నిలబెట్టుకోవడానికే.

నా సొంత అనుభవంలో ఈ నమ్మకాన్ని ఎక్కువగా పాడుచేసింది స్మార్ట్‌ఇండెంట్ అనే ఆప్షను. పేరు చూసి పెట్టుకున్నాను, ఎవరైనా అంతే. కొన్నేళ్లపాటు నా విమ్ సెట్టింగుల ఫైల్లో ఉండిపోయింది. పైథాన్ రాస్తూ ఫంక్షన్ లోపల కామెంట్ పెడదామని # కొడితే, ఆ # ఎగిరి మొదటి గడిలో పడేది. మళ్లీ ట్యాబ్ కొట్టుకుంటూ లోపలికి తెచ్చుకోవాలి. పోనీ లైను మొత్తాన్ని కుడికి జరుపుదామని > రెండుసార్లు నొక్కితే కదిలేదే కాదు, మొండి గాడిదలా. తర్వాత మాన్యువల్ తెరిచి చదివితే తెలిసింది: సి భాషలో # తో మొదలయ్యేవి ఇంక్లూడ్, డిఫైన్ లాంటివి, వాటిని మొదటి గడిలో రాయడం పాత ఆనవాయితీ. స్మార్ట్‌ఇండెంట్‌కి తెలిసిన లోకం అదొక్కటే. అది వద్దనుకునేవాళ్లకి మాన్యువలే ఒక చిట్కా చెబుతుంది, నవ్వకండి: # కొట్టినప్పుడల్లా ముందు ఎక్స్ అక్షరం కొట్టి, దాన్ని చెరిపి, అప్పుడు # పెట్టేలా మ్యాపింగ్ రాసుకోమని. లైన్లో మొదటి అక్షరం # కాదని ఎడిటర్ని మోసం చేయడమన్నమాట. ఆ మ్యాపింగ్ నేను నిజంగానే వాడాను, ఓ ఏడాది.

అసలు మందు వేరే ఉంది. విమ్‌లో ఇండెంటు నాలుగు అంతస్తులు. అన్నిటికన్నా కింద ఆటోఇండెంట్. పై లైను ఎక్కడ మొదలైందో కొత్త లైనూ అక్కడే మొదలవుతుంది, ఇంకేం తెలియదు. దానిపైన స్మార్ట్‌ఇండెంట్, అంటే ఫ్లవర్ బ్రాకెట్లు కాస్త తెలిసింది. దానిపైన సిండెంట్, సి వ్యాకరణం బాగానే ఎరిగింది. అన్నిటికీ పైన ఇండెంట్‌ఎక్స్‌ప్రెషన్. ఇందులో లెక్క మనం రాసుకునే ఫంక్షన్‌ది, చాలా భాషలకి విమ్‌తో పాటే ఒకటి వస్తుంది. 'ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్' అనే ఒక్క లైను పెట్టుకుంటే ఆయా భాషల ఫంక్షన్లు పనిలోకి దిగుతాయి, స్మార్ట్‌ఇండెంట్ ఉన్నా దాని మాట చెల్లదు. నా ఫైల్లో ఆ లైను లేదు. ఏడాదిపాటు ఎక్స్ కొట్టి చెరుపుకున్నది అందుకు.

ఈ నాలుగో అంతస్తు గురించి కాస్త ఆగి చెప్పాలి. చాలామంది దీన్ని ప్లగిన్లు రాసేవాళ్ల వ్యవహారం అనుకుని వదిలేస్తారు. అంత లేదు. విమ్ ఒక లైను నంబరు ఇచ్చి "ఇది ఎన్ని స్పేసుల లోపల ఉండాలి?" అని అడుగుతుంది. మన ఫంక్షన్ ఒక అంకె చెబుతుంది. ఏమో నాకు తెలీదు, ఉన్నచోటే ఉంచు అనాలంటే -1 చెబుతుంది. అంతే ఒప్పందం. మా ఆఫీసులో ఒక పాత టెస్టింగు టూలు ఉంది, దానికి సొంత స్క్రిప్టు భాష, బిగిన్‌తో మొదలై ఎండ్‌తో ముగిసే బ్లాకులు. ప్రపంచంలో ఏ ఎడిటర్‌కీ ఆ భాష తెలియదు. దానికి నేను రాసిన ఫంక్షన్ పది లైన్లు కూడా లేదు. పైన ఉన్న ఖాళీ కాని లైను పట్టుకో, దాని ఇండెంటు తీసుకో. అది బిగిన్‌తో ముగిసిందా, ఒక మెట్టు కలుపు. ఇప్పటి లైను ఎండ్‌తో మొదలైందా, ఒక మెట్టు తీసెయ్యి. ఇక ఇండెంట్‌కీస్ అనే ఆప్షన్లో ఎండ్ అనే మాట కలిపితే, ఎండ్ అని టైపు చేయడం పూర్తికాగానే లైను దానంతటదే వెనక్కి జరుగుతుంది. ఒక మధ్యాహ్నం పని. ఆ భాషకి ఫార్మాటర్ రాయాలంటే ముందు దాని వ్యాకరణమంతా చదివే పార్సర్ కావాలి, దానికి నాకు ఏ మేనేజరూ టైమివ్వడు.

పైథాన్ దగ్గరికొస్తే తగువు ఇంకో రకం. ఫంక్షన్‌ని పిలుస్తూ బ్రాకెట్ తెరిచి ఎంటర్ కొడితే విమ్ డీఫాల్టుగా రెండు మెట్లు, అంటే ఎనిమిది గడులు లోపల ఆగుతుంది. బ్లాక్‌కి ఒక మెట్టే ఇష్టం. నేను రాసేటప్పుడు ఎనిమిది, సేవ్ కొట్టగానే నాలుగు. మూసే బ్రాకెట్ దగ్గర కూడా అంతే, విమ్ పై లైను కింద పెడుతుంది, బ్లాక్ లాక్కొచ్చి మొదటి లైను మొదలైన చోట పెడుతుంది. సేవ్ కొట్టిన ప్రతిసారీ స్క్రీన్ మీద లైన్లు కుడికీ ఎడమకీ ఊగుతుంటే, కన్ను ఆ కదలికని పట్టించుకోవడం మానేస్తుంది. పైన చెప్పిన నాన్నా పులి ఇదే. దీనికి మందు పైథాన్‌ఇండెంట్ అనే డిక్షనరీలో రెండు విలువలు: తెరిచిన బ్రాకెట్ తర్వాత ఎంత జరగాలో చెప్పే ఓపెన్‌పేరెన్‌ని ఒక షిఫ్ట్‌విడ్త్ (అంటే ఒక మెట్టు వెడల్పు) చేయడం, మూసే బ్రాకెట్‌ని చివరి లైనుతో కలపమనే ఆప్షన్ని ఆపేయడం. నేను రాసేది, ఫార్మాటర్ దిద్దేది ఒకటే అవుతాయి. ఇప్పుడు సేవ్ కొడితే స్క్రీన్ కదలదు. కదిలిందంటే ఏదో ఉంది.

ఇంకో చికాకు కోలన్‌ది. నేను కావాలని ఒకచోట పెట్టుకున్న లైన్లో, డిక్షనరీ విలువ రాస్తూ కోలన్ కొట్టగానే లైను ఎగిరి ఇంకెక్కడికో పోయేది. ఎల్స్‌లో నాకు ముద్దొచ్చిన విద్యే ఇది, చోటు తప్పిందంతే. పైథాన్ ఇండెంట్‌కీస్ జాబితాలోంచి ఆ కోలన్‌ని తీసేశాను. తీసేయడం కూడా కస్టమైజేషనే.

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోడ్ చూసేవాళ్లకి సిండెంట్ ఆప్షన్లు అన్నంలో ఉప్పు లాంటివి. లినక్స్ కెర్నల్ శైలిలో ఒక మెట్టంటే ఒక ట్యాబు, ట్యాబంటే ఎనిమిది గడులు. మూడు మెట్లకి మించి లోపలికి పోతున్నారంటే మీ ప్రోగ్రామే సరిచేసుకోవాలని ఆ పత్రం మొహమాటం లేకుండా చెబుతుంది. స్విచ్ రాస్తే దాని కింద కేస్‌లు లోపలికి జరగకూడదు, స్విచ్ ఎక్కడుందో అదే నిలువులో ఉండాలి. విమ్ డీఫాల్టు మాత్రం కేస్‌ని ఒక మెట్టు లోపలికి పంపుతుంది. సిండెంట్ లెక్కని మార్చే సిన్‌ఆప్షన్స్‌లో కోలన్, దాని పక్కన సున్నా పెడితే దారికొస్తుంది. బ్రాకెట్, సున్నా పెడితే సగంలో విరిగిన లైను తెరిచిన బ్రాకెట్ కిందికి వస్తుంది. ఇలాంటి అక్షరాలు ముప్పైకి పైనే ఉన్నాయి, గుర్తు పెట్టుకోవక్కర్లేదు, ఎవరూ పెట్టుకోరు. ఈ ఒక్క విషయంలో ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లని చూస్తే నాకు అసూయ. కర్సర్ తప్పుచోట ఆగిందా, కంట్రోల్ సి, కంట్రోల్ ఓ నొక్కితే "ఈ లైనుని నేను ఫలానాదిగా అనుకున్నాను, ఎంత జరపమంటావు?" అని అదే అడుగుతుంది. తప్పు చేసినవాడే వచ్చి తప్పెక్కడో చెప్పడం అంటే అదీ మర్యాద. విమ్‌లో మనకి దక్కింది వెర్బోస్ సెట్ ఒకటే, ఈ విలువని చివరిగా ఏ ఫైలు మార్చిందో చెబుతుంది. అదీ తక్కువేం కాదు. ఏదో ప్లగిన్ నా నాలుగుని రెండు చేసిన రోజున దొంగని పట్టించింది అదే.

ఇంతవరకూ చదివి, ఇండెంటు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టుకోవచ్చని నేనంటున్నాననుకుంటే పొరపాటు. నేనూ అలాగే అనుకుని ఒకసారి పరువు పోగొట్టుకున్నాను.

మొదటి ఉద్యోగం, చేరి మూడు నెలలు. పాత సి ఫైలు, ఎన్నో చేతులు మారింది. కొన్ని ఫంక్షన్లలో ట్యాబులు, కొన్నింట్లో స్పేసులు, ఒకచోట రెండూ. నేను మార్చాల్సింది ఒక్క షరతు. మార్చాను. ఫైలు చూస్తే మనసొప్పలేదు. జీజీ, =, పెద్ద జీ. నాలుగు కీలు, ఫైలంతా నా షిఫ్ట్‌విడ్త్ ప్రకారం బారులు తీరింది. గర్వంగా రివ్యూకి పంపాను. సీనియరాయన నన్ను పిలిచి డిఫ్ (పాత ఫైలుకీ కొత్తదానికీ తేడా) చూపించారు. పై నుంచి కింది దాకా ఎరుపూ ఆకుపచ్చా. "బాబూ, నువ్వు మార్చింది ఏ లైనో నువ్వే వెతికి చూపించు" అన్నారు. నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆయన వెనక్కి పంపి ఉంటే బాగుండేది, డెడ్‌లైను ఉందని మెర్జ్ చేసేశారు. ఇక అప్పట్నుంచి ఆ ఫైల్లో ఏ లైను మీద గిట్ బ్లేమ్ (ఆ లైను చివరిగా ఎవరు మార్చారో చెప్పే కమాండు) కొట్టినా నా పేరే. నేను పుట్టకముందు రాసిన కోడ్ గురించి కూడా జనం నా డెస్కు దగ్గరికొచ్చి అడిగేవాళ్లు. ఖాళీల మార్పుల్ని పట్టించుకోవద్దని బ్లేమ్‌కి చెప్పే ఆప్షన్ ఉందని, ఫలానా కమిట్లని (నమోదైన మార్పుల్ని) వదిలెయ్యమని జాబితా ఇచ్చే సదుపాయం 2019లో గిట్ 2.23తో వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఆ కంపెనీయే మారాను.

కాబట్టి ఎన్ని గడులు, ట్యాబా స్పేసా అన్నది ఫైలు సొంతం, నాది కాదు. నాకున్న హక్కల్లా నా ఎడిటర్ ఆ ఫైలు ఆచారాన్ని చూసి నడుచుకునేలా చేసుకోవడం. ఎడిటర్‌కాన్ఫిగ్ అనే చిన్న ఫైలు ప్రాజెక్టు పైమెట్టు మీద పెడితే, ఏ రకం ఫైలుకి ట్యాబా స్పేసా, ఎన్ని, అన్నది చాలా ఎడిటర్లు చదువుకుంటాయి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో 2023 నాటి 0.9 నుంచి ప్లగిన్ కూడా అక్కర్లేదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్లో డిటెక్ట్‌ఇండెంటేషన్ అని ఒకటి డీఫాల్టుగా ఆన్ ఉంటుంది, ఫైలు తెరవగానే అందులో ఏం వాడారో ఊహించి అదే పాటిస్తుంది. "నేను రెండు పెడితే నాలుగు వస్తోంది" అని దాన్ని తిట్టుకునేవాళ్లు చాలామంది. అది చేస్తున్నది మర్యాదైన పని, తిట్టకండి. అదే వీఎస్ కోడ్‌లో ఆటోఇండెంట్ అనే సెట్టింగుకి ఏమీ చేయకు నుంచి పూర్తిగా చెయ్యి వరకూ ఐదు విలువలున్నాయి. నాకు తెలిసినవాళ్లలో దాన్ని తెరిచి చూసినవాడు లేడు.

ఫైలు ఆచారం అనే మాటకి మేక్‌ఫైలుని (ప్రోగ్రాముని ఎలా తయారుచేయాలో మేక్ అనే టూలుకి చెప్పే ఫైలు) మించిన సాక్షి లేదు. స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో మేక్ రాసినప్పుడు, కమాండు లైను ట్యాబుతోనే మొదలవ్వాలని పెట్టారు. కొన్ని వారాలకే అది తప్పని ఆయనకి తెలిసింది, కానీ అప్పటికే పది పన్నెండు మంది వాడుతున్నారు, వాళ్లకి ఇబ్బంది ఎందుకని అలాగే ఉంచేశారు. ఆ పది పన్నెండు మంది మొహమాటం మనం ఇప్పటికీ మోస్తున్నాం. నేను ఎక్స్‌పాండ్‌ట్యాబ్‌ని అన్ని ఫైళ్లకీ వర్తించేలా పెట్టుకున్న రోజుల్లో, మేక్‌ఫైల్లో ట్యాబ్ కొడితే స్పేసులు పడేవి, చూడ్డానికి ఏ తేడా ఉండేది కాదు, రన్ చేస్తే "మిస్సింగ్ సెపరేటర్". ఒక సాయంత్రం మొత్తం ఆ లైను వంక చూస్తూ కూర్చున్నాను. ఫైల్‌టైప్ ప్లగిన్ ఆన్ అయి ఉంటే మేక్‌ఫైలు తెరిచినప్పుడు విమ్ తనే ట్యాబులకి మారిపోతుంది. ఇక్కడ కూడా నాకు లేనిది ఆ లైనే.

వెడల్పు విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. 1983లో మియారా, ష్నైడర్‌మన్ తదితరులు సున్నా, రెండు, నాలుగు, ఆరు స్పేసులతో ప్రోగ్రాములిచ్చి పరీక్షిస్తే రెండు, నాలుగు దగ్గర జనానికి బాగా అర్థమైందని తేలింది. నలభై ఏళ్లుగా మనం కొట్టుకుంటున్నది కూడా ఆ రెంటి మధ్యే. కానీ ట్యాబు వైపు ఒక వాదన నన్ను ఇబ్బంది పెడుతుంది. మా పాత టీములో చూపు తక్కువున్న ఒకాయన అక్షరాలు ఎంత పెద్దవి చేసుకునేవారంటే స్క్రీన్‌కి నలభై గడులే పట్టేవి. ట్యాబులున్న ఫైలైతే ట్యాబ్‌స్టాప్ (ట్యాబు వెడల్పు) రెండు చేసుకుని చదివేవారు, ఫైల్లో ఒక్క అక్షరం మారకుండా. నాలుగు స్పేసుల పైథాన్ ఫైల్లో ఆయనకి ఆ వీలు లేదు. పైథాన్ శైలి పత్రం స్పేసులే అంటుంది, నేనూ స్పేసులే వాడతాను, ఆయన ముందు మాత్రం ఆ వాదన పెట్టలేను.

మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటుంది. యాప్‌కి తెలుగు మాటలు చేరుస్తూ డిక్షనరీ రాశారనుకోండి, ఎడమ పక్క కీ, కుడి పక్క తెలుగు మాట, ఆ పక్కన కామెంట్. కామెంట్లన్నీ ఒకే నిలువులో ఉంటే అందంగా ఉంటుందని స్పేసులు కొట్టి సర్దుతాం. కొట్టినంతసేపు బాగుంటుంది, వేరే మెషీన్లో తెరిస్తే అన్నీ చెల్లాచెదురు. 'స్త్రీ' తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. చాలా టెర్మినళ్ల లెక్కలో మూడు గడులు. మన కంటికి ఒకటే అక్షరం, ఫాంటుని బట్టి దాని వెడల్పు. ఏ లెక్క ప్రకారం సర్దుతాం? ఇంగ్లీషు కోడ్‌లో బ్రాకెట్ కింద బ్రాకెట్ సర్దే అలవాటు తెలుగు మాట చేరిన క్షణాన కూలిపోతుంది. లైను మొదట్లో ఉండే ఇండెంటుకి ఈ బాధ లేదు, అక్కడుండేవి స్పేసులే కాబట్టి. నేను ఓపెన్‌పేరెన్‌ని ఒక మెట్టు చేసుకోవడానికి బ్లాక్ సగం కారణమైతే, స్త్రీ మిగతా సగం.

మర్నాడు మా వాడికి ఇదంతా చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు. బ్రాకెట్ మర్చిపోయి ఎంటర్ కొట్టడం, ఎల్స్ ఎగరడం చూపించాను. రెండోదానికి నవ్వాడు. "నీ సెట్టింగుల ఫైలు ఇవ్వన్నా" అన్నాడు. మొత్తం ఇవ్వనన్నాను. అందులో సగం ఎందుకున్నాయో నాకే గుర్తులేదు. ఐదు లైన్లు విడిగా రాసిచ్చాను. ఫైల్‌టైప్ లైను మొదట, షిఫ్ట్‌విడ్త్, ఎక్స్‌పాండ్‌ట్యాబ్, ఆ పైథాన్‌ఇండెంట్ రెండూ.

నిన్న రాత్రి పదకొండుకి మెసేజి పెట్టాడు. "అన్నా, నువ్విచ్చినవి పెట్టుకున్నా. ఆ మొదటి లైను ఏదో ప్లగిన్ గొడవలా ఉందని తీసేశా. ఇప్పుడు మేక్‌ఫైలు మిస్సింగ్ సెపరేటర్ అంటోంది, గంటనుంచి చూస్తున్నా, లైన్లన్నీ కరెక్టుగానే ఉన్నాయి."